శ్లోకం పక్కన తాత్పర్యం

ఎడమవైపు గీతా శ్లోకం, కుడివైపు దాని తెలుగు తాత్పర్యం. పారాయణ పుస్తకం తయారుచేసే భక్తులు చాలామంది కోరుకునే పేజీ ఇది. వర్డ్‌లో లేఅవుట్‌కు వెళ్లి కాలమ్స్‌లో రెండు ఎంచుకుంటే పేజీ రెండుగా చీలుతుంది కానీ కోరుకున్నది దక్కదు. ఎడమ కాలమ్ అడుగుదాకా నిండాకే అక్షరాలు కుడి కాలమ్ పైకి వెళతాయి. ఎంటర్లు కొట్టి ఎలాగో సర్దినా, ఒక శ్లోకంలో ఒక పాదం దిద్దగానే కింద ఉన్నవన్నీ జారిపోతాయి. మూడో శ్లోకం ఎదురుగా నాలుగో శ్లోకం తాత్పర్యం వచ్చి కూర్చుంటుంది.

కాలమ్స్ అన్నవి పత్రికల పద్ధతి. అక్కడ ఒకే కథనం ఒక కాలమ్ నుంచి మరో కాలమ్‌లోకి పారుతుంది. రెండు పాఠాలు ఎదురెదురుగా నిలవాలంటే వేరే ఏర్పాటు కావాలి. పాత వర్డ్‌పర్ఫెక్ట్‌లో అందుకోసం సమాంతర కాలమ్స్ విడిగా ఉండేవి. వర్డ్‌లో ఆ పని టేబుల్‌తో చేయాలి. శ్లోకానికొక అడ్డువరుస పెట్టి, గీతలు కనబడకుండా చేసి, వరుస రెండు పేజీలకు విరగడానికి అనుమతిచ్చే టిక్కు తీసేస్తే చాలు. శ్లోకం ఎటు కదిలినా దాని అర్థం వెంటే ఉంటుంది.

అయితే ఇంత శ్రమ ఎందుకు? అర్థాలన్నీ పుస్తకం చివర వేస్తే సరిపోదా? ఈ ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్‌లో లేదు. పవిత్ర వాక్యానికీ దానికి మనుషులు చెప్పే అర్థానికీ మధ్య సంబంధం ఏమిటన్న చోట ఉంది.

మూడో శతాబ్దంలో పాలస్తీనాలోని కైసరయలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన నిలిపే ఈ పనినే బ్రహ్మాండంగా తలపెట్టాడు. ఆయన కూర్చిన హెక్సప్లా అనే గ్రంథంలో ఆరు కాలమ్స్. మొదటిదానిలో బైబిల్ హీబ్రూ మూలం, రెండోదానిలో అదే హీబ్రూ గ్రీకు లిపిలో, తక్కిన నాలుగింటిలో నాలుగు గ్రీకు అనువాదాలు. ఒక్కో వరుసకు ఒకటి రెండు హీబ్రూ మాటలే. యూదులతో వాదించేటప్పుడు వారి ప్రతుల్లో లేని వాక్యాలను క్రైస్తవులు ఆధారంగా చూపకూడదన్నది తన ఉద్దేశాల్లో ఒకటని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. చర్చి చదువుకునే అనువాదం ఐదో కాలమ్‌లోది. ఆ పాఠంలో హీబ్రూలో లేని భాగాలకు ఒక గుర్తు, హీబ్రూలో ఉండి అనువాదంలో లేకపోతే తెచ్చి చేర్చిన భాగాలకు ఇంకో గుర్తు పెట్టాడు. తరువాతి తరాలు ఆ ఒక్క పాఠాన్నే విడదీసి నకళ్లు రాసుకున్నాయి. రానురాను లేఖకులు గుర్తులు వదిలేశారు. ఏది పాతదో, ఏది చేర్చిందో తెలియకుండా కలిసిపోయింది. హెక్సప్లా నేడు శకలాలుగానే మిగిలింది. పక్కన మూలం ఉన్నన్నాళ్లూ అనువాదం జవాబుదారీగా ఉంది. విడిపోయాక దాన్ని నిలదీసే సాక్షి లేకుండా పోయింది.

ఓరిజెన్ రెండో కాలమ్ మన పాఠకులకు బాగా దగ్గరిది. తెలుగు లిపిలో సంస్కృత శ్లోకం అచ్చం అలాంటిదే: నోటికి వస్తుంది, అర్థం అందకపోవచ్చు. ఉచ్చారణ చాలు, ఫలం దక్కుతుందని నమ్మేవారికి పక్క కాలమ్ అక్కర్లేదు. ఆ వాదం కొత్తదేమీ కాదు. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుడి మాటను యాస్కుడు వేదపదాల అర్థాలు వివరించే తన నిరుక్తంలో ప్రస్తావించి ఖండించాడు. అర్థం తెలియకుండా వేదం చదివినవాణ్ణి బరువు మోసే మోడుతో పోల్చిన శ్లోకమూ అక్కడిదే. పారాయణలో నాదానికి ఉన్న బలాన్ని కాదనక్కర్లేదు. అయినా చదివేవారు ఏదో ఒక రోజు చూపు పక్కకు తిప్పుతారు. అప్పుడక్కడ అర్థం ఉండి తీరాలి.

ఎవరు చెప్పిన అర్థం అన్నది అసలు చిక్కు. డానియెల్ బోంబెర్గ్ 1520–23 మధ్య వెనిస్‌లో అచ్చువేసిన యూదుల ధర్మగ్రంథం తాల్మూద్‌లో మూలం నడుమ ఉంటుంది. ఒక పక్క రాషీ అనే పండితుడి వ్యాఖ్య, మరో పక్క తోసాఫోత్ అనే తరువాతి పండితుల వ్యాఖ్యలు. రాషీ మాటను ప్రశ్నించి విభేదించిన తోసాఫోత్ పండితుల్లో ఆయన మనవలూ ఉన్నారు. తాత మాట, మనవల అభ్యంతరం ఒకే పేజీలో కనబడటం ఆ సంప్రదాయానికి అపచారం కాలేదు, అదే చదువయింది.

గీత 18వ అధ్యాయం 66వ శ్లోకానికి అలాంటి పేజీ అవసరం. సర్వధర్మాలనూ విడవడమంటే శంకరులు సకల కర్మ సన్యాసమని చెప్పారు. కర్మ, జ్ఞాన, భక్తి యోగాలను ఆచరిస్తూనే ఫలాన్నీ కర్తృత్వాన్నీ విడవాలన్నది రామానుజులు చెప్పిన అర్థాల్లో ఒకటి. 'తాత్పర్యం' అన్న శీర్షిక కింద ఒక్కటే వేస్తే, ఇక్కడ ఆచార్యుల మధ్య భేదం ఉందన్న సంగతే పాఠకుడి దాకా చేరదు. ఏ4 కాగితం నిలువుగా పెడితే మూడు కాలమ్స్ ఇరుకవుతాయి, నిజమే. ముందొకటి, వెనకొకటి సెక్షన్ బ్రేక్ పెడితే ఆ ఒక్క పేజీని అడ్డంగా తిప్పుకోవచ్చు: ఎడమన శంకరులు, కుడిన రామానుజులు, నడుమ శ్లోకం.