ఆ పాత చీటీ పక్కన పెట్టు నాయనా

ఏం నాయనా, మళ్లీ ఆ పాత చీటీయే పట్టుకుని గాజువాక మందుల షాపుకి బయల్దేరావా? నాన్న నడుం నొప్పితో మూలుగుతుంటే చూడలేక వెళ్తున్నావు, నాకు తెలుసు. నీ మనసు మంచిదే. ఆ తొందరే మంచిది కాదు.

నాన్న ఆపరేషన్‌కి చేతి నుంచి పైసా పడలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఎన్ని కొంపలు అప్పుల్లో పడకుండా నిలబడ్డాయో! ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, పేరు ఏదైతేనేం, మేలు మేలే. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాళ్లకి ఈఎస్ఐ అండ ఉంది. కాదనను. కానీ వైద్య సేవలో డిశ్చార్జి నాడు ఇచ్చే మందులు పది రోజులకే. పదకొండో రోజు నుంచి ఆ మాత్రని ఎవరు కనిపెట్టుకోవాలి? ఇంట్లోవాళ్లమే కదా.

ఆ మాత్రల స్ట్రిప్ ఓసారి ఇటు తిప్పు. ఎర్ర గీతల పెట్టె, ఎర్ర అక్షరాల్లో ఆర్ఎక్స్ కనిపించాయా? నొప్పికిచ్చే ట్రమడాల్ మీదా, నిద్రకని వేసే ఆల్ప్రజోలాం మీదా ఆ హెచ్చరిక ఉండాలి. ఇవి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలని 2014 నుంచి నిబంధన. ట్రమడాల్‌నైతే 2018లో మత్తుమందుల చట్టం కిందకే తెచ్చారు. అడగ్గానే ఇచ్చేశాడంటే ఆ షాపాయన నీకు మేలు చేశాడనుకోకు.

ఈ మాత్రలు చేబదులు లాంటివి నాయనా. వెంటనే తీర్చేస్తే ఏ గొడవా లేదు, సాగదీస్తే వడ్డీ ఒంటి మీద పడుతుంది. మొదట ఒకటి సరిపోయేది, తర్వాత రెండు వేసుకున్నా నొప్పి తగ్గదు. రెండు రకాలూ కలిపి, పైన ఒక గుక్క మద్యం కూడా పడిందా, నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. అలాగని భయపడి నువ్వే ఒక్కసారిగా మాన్పించకు. నెలల తరబడి వేసుకున్న ఆల్ప్రజోలాం ఠక్కున ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. మళ్లీ చెప్తున్నా, వేయడమైనా మాన్పడమైనా డాక్టరు చెప్పాకే.

రేపు ఒక పూట సెలవు పెట్టు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే తీసుకెళ్లు, కౌంటర్ దగ్గర వైద్య సేవ వాళ్ల మిత్ర ఉంటారు, దారి చూపిస్తారు. డిశ్చార్జి కాగితం, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకో. బీపీ, షుగర్‌వి కూడా. నాన్న డాక్టరు ముందు నోరు విప్పరు. రాత్రి రెండో మాత్ర కూడా వేసుకుంటున్నారని నువ్వే చెప్పు.