శరీరధారి

దేవుడు మనిషిగా పుట్టాడు, మనుషులను రక్షించడానికే పుట్టాడు. క్రైస్తవ విశ్వాసమంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది. దీనికి తెలుగు బైబిలు యోహాను సువార్తలో వాడిన పదం ‘శరీరధారి’. సృష్టికి ముందే దేవునితో ఉన్న, తానే దేవుడైన వాక్యం శరీరం ధరించి మనుషుల నడుమ కాపురం ఉన్నాడని ఆ సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. కాపురం ఉండడానికి గ్రీకు మూలంలో వాడిన క్రియ గుడారం అనే మాటలోంచి వచ్చింది. ఇశ్రాయేలీయులు ఎడారిలో తిరిగిన కాలంలో దేవుని సన్నిధి గుడారంలోనే ఉండేది. యోహాను చెప్పేదాని ప్రకారం ఇప్పుడా గుడారం ఒక మనిషి ఒళ్లు.

ఈ సంగతి ఖమ్మం ప్రాంతంలో వేంసూరు నుంచి భద్రాచలం అడవుల దాకా ఎక్కడ చెప్పినా, వినేవాళ్లకు మరో పాక గుర్తుకొస్తుంది. దుమ్ముగూడెం మండలంలో గోదావరి ఒడ్డున పర్ణశాల ఉంది. వనవాసంలో సీతారామలక్ష్మణులు అక్కడ ఆకుల పాక వేసుకున్నారని, రావణుడు సీతను ఎత్తుకుపోయింది అక్కడినుంచేనని స్థలపురాణం. దేవుడు దిగివచ్చి అడవిలో నడిచాడన్నా, భార్య కనబడక చెట్టునూ పుట్టనూ అడుగుతూ ఏడ్చాడన్నా ఈ నేలలో ఎవరూ నోరెళ్లబెట్టరు. ఆ దుమ్ముగూడెంలోనే 19వ శతాబ్దంలో గోదావరి మీద పడవలు నడపడానికి ఆనకట్ట, లాకుల పనులు జరిగాయి. ఆ పనుల మీదున్న ఇంజనీరు హేగ్ చొరవతో చర్చి మిషనరీ సొసైటీ కోయ గిరిజనుల మధ్య అడుగుపెట్టింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి లూకా సువార్తను కోయభాషలోకి తెచ్చాడు. పుట్టిన బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టిన కథ ఉన్నది ఆ సువార్తలోనే.

రాముడి కథ తెలిసిన నేల కనుక, తెలుగులో ఈ విశ్వాసాన్ని చెప్పబోయిన ప్రతివారికీ ‘అవతారం’ అనే మాట చేతికి సిద్ధంగా దొరికింది. అవతారమంటే దిగిరావడం. మద్రాసులో చక్కరై అనే క్రైస్తవ వేదాంతి 1920ల్లో వేసిన పుస్తకం పేరే యేసును అవతారమంటుంది. ఆ మాట తలుపు తీస్తుంది, నిజమే. లోపల ఉన్నది మాత్రం కొంత వేరు. గీతలో భగవంతుడు ధర్మానికి గ్లాని కలిగినప్పుడల్లా వస్తానంటాడు. దుష్టశిక్షణ, శిష్టరక్షణ ఆ రాకకు కారణాలు. క్రైస్తవులు చెప్పే రాక ఒక్కసారే. దానికి తేదీల జాడ ఉంది: అగస్టసు చక్రవర్తి కాలంలో పుట్టుక, పొంతి పిలాతు అధికారిగా ఉండగా మరణం. ఇక్కడ దుష్టులను చంపడం లేదు, దుష్టుల చేతుల్లో చావడం ఉంది. మరో తేడా ఇంకా లోతైనది. సిలువ తర్వాత లేచిన యేసు మనిషితనాన్ని వదిలేసి వెళ్లలేదు, మేకుల గాయాలతోనే వెళ్లాడు. మానవ శరీరం శాశ్వతంగా దేవునిదైపోయింది.

ఈ తేడా చెప్పేటప్పుడు కొందరు బోధకులు తొందరపడి హిందువుల అవతారం వేషమని, తమది నిజమని అనేస్తారు. అది సరికాదు. వాల్మీకి రాముడు యుద్ధకాండ చివర దేవతలతో తాను మనిషిననే, దశరథుడి కొడుకుననే అంటాడు. ఆ మనిషితనాన్ని నాటకమంటే రామాయణం చదవనట్టే. వేషమనే ఆలోచనతో ఎక్కువగా తగవు పడింది నిజానికి క్రైస్తవ సంఘం, అదీ తన లోపలే. దేవుడికి ఆకలి ఏమిటి, చెమట ఏమిటి, చావేమిటని యేసు శరీరం ఒట్టి మాయ రూపమన్నవాళ్లు మొదటి శతాబ్దాల్లోనే ఉన్నారు. మరోవైపు ఏరియసు అనే బోధకుడు వచ్చి కుమారుడు గొప్పవాడే గానీ సృష్టించబడినవాడన్నాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పులు దాన్ని కాదని, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని తీర్మానించారు. 451లో కాల్సెడాను సభ ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు అంది: పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, ఆ రెండూ కలగలిసిపోవు, మారిపోవు, చీలిపోవు, విడిపోవు. ఎలాగో ఆ సభ వివరించలేదు. ఎక్కడ గీత దాటకూడదో మాత్రం చెప్పి ఆగింది. అలా ఆగడమే ఆ తీర్మానంలోని పెద్దరికం.

ఈ వాదాలన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే, రక్షణ ఎలా జరుగుతుందన్నది. యేసుకు మానవ శరీరం ఉన్నా మనసు స్థానంలో దైవవాక్యమే ఉందని అపొల్లినారిసు అనే వేదాంతి అన్నప్పుడు, నజియాంజుసు గ్రెగరీ అనే మరో వేదాంతి ఒప్పుకోలేదు. దేవుడు తనమీద వేసుకోనిది బాగుపడదని ఆయన వాదన. మనిషికి జబ్బు చేసింది మనసులో కూడా కాబట్టి, మనసును వదిలేసి శరీరాన్ని మాత్రమే తీసుకుంటే వైద్యం సగంలో ఆగిపోతుంది. భయం, దుఃఖం, ఒంటరితనం అన్నీ దేవుడు లోపలినుంచి ఎరగాలి. ఇంకో వేదాంతి అతనాసియసు దృష్టి చావు మీద ఉంది. నశించిపోయే స్వభావంలోకి నశించనివాడు దిగి, దాన్ని లోపలినుంచే నిలబెట్టాడంటాడు. 11వ శతాబ్దం చివర అన్సెల్ము అనే ఐరోపా వేదాంతి దీన్ని అప్పు లెక్కగా చెప్పాడు: బాకీ పడింది మనిషి గనుక మనిషే తీర్చాలి, తీర్చగల శక్తి దేవునికే ఉంది గనుక తీర్చేవాడు దేవుడూ మనిషీ కూడా అయి ఉండాలి.

ఐరోపాలో అన్సెల్ము లెక్క న్యాయశాస్త్రంలా వినబడవచ్చు. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో అలా వినబడి ఉండదు. ఇక్కడ తండ్రి చేసిన అప్పు కింద కొడుకు దొర దగ్గర ఊడిగం చేసే పద్ధతి ఉండేది, దానికి భగేలా అని పేరు. చేసిన పని వడ్డీకే చాలేది కాదు. తెలుగు బైబిలులోని ‘విమోచన క్రయధనం’ గంభీరమైన సంస్కృత సమాసమే, కానీ అలాంటి ఇంట్లో పుట్టినవాడికి దాని అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు, క్రీస్తు దేవునితో సమానత్వాన్ని పట్టుకు వేలాడక తన్ను తాను ఖాళీ చేసుకుని దాసుడి రూపం ధరించాడంటాడు. రాజు ఇంట్లో కాదు, బ్రాహ్మణుడిగా కాదు, వెట్టివాడి వరసలో. మాలలు, మాదిగలు వేలాదిగా ఈ విశ్వాసంలోకి రావడానికి కరువులు, బడులు, ఆసుపత్రులు కారణాలని చరిత్రకారులు అంటారు. అవి నిజమే. ఈ దాసుడి రూపాన్ని కూడా వాటి పక్కన పెట్టకపోతే ఆ లెక్క పూర్తి కాదు.

ఖమ్మం ప్రాంతపు సంఘాలకు పెద్దదిక్కు డోర్నకల్‌లోని బిషప్పు పీఠం. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన డోర్నకల్‌లో కట్టించిన పెద్ద గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. హిందూ దేవాలయాల స్తంభాలు, మసీదు గుమ్మటాలు, సిలువ అక్కడ ఒక్కచోట కలిశాయి. జనవరి 6 దేవుడు మనుషులకు ప్రత్యక్షమైన పండుగ రోజు, గుడి పేరు కూడా ప్రత్యక్షత మీదే పెట్టారు.

సిద్ధాంతం అందరికీ అందేది మాత్రం బల్ల దగ్గర. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కార భోజనాన్ని పల్లెల్లో బల్ల అంటారు. చెప్పులు బయట విడిచి, కొంగు తలమీదికి లాక్కుని, వరసగా మోకాళ్లూని చేతులు చాపుతారు. రొట్టె ముక్క అరచేతిలో పడుతుంది. చాలా చోట్ల ఇప్పుడు చిన్నచిన్న కప్పులొచ్చాయి గానీ, పాత పద్ధతిలో గిన్నె ఒక్కటే. గురువు ఒకరి పెదవులకు అందించి, అంచును గుడ్డతో తుడిచి, పక్కవారికి అందిస్తాడు. ఊరి బావి గట్టు ఎక్కనివ్వని తాత ముత్తాతలు, ఎవరైనా పైనుంచి దోసిట్లో పోస్తే తాగినవాళ్లు, ఆ గిన్నె అంచున పెదవులు ఆనించారు.