బాధకు సాక్షి ఎవరు?

మనసులోని బాధకు మొదటి సాక్షి ఆ మనిషే. హైదరాబాద్ పాతబస్తీ మసీదుల్లో చదివే ఖురాన్ 80వ అధ్యాయం ‘అబస’ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఊరిపెద్దలతో మాట్లాడుతూ ఒక అంధుడి నుంచి మొహం తిప్పుకున్నందుకు ప్రవక్తను దైవం మందలించిందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఎవరి మాట వినదగినదో ముందే తేల్చేసుకోకూడదన్నదే అందులోని హెచ్చరిక అని నా నమ్మకం. బధిరుల మానసిక వైద్యంలో జరుగుతున్నది సరిగ్గా ఆ తేల్చేసుకోవడమే. డాక్టరు బధిర అమ్మాయిని వదిలి ఆమె తల్లిని అడుగుతాడు, తల్లి రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, ఆసుపత్రిలో తెలుగు. పక్కనే ఉన్న కూతురు ఏ పెదవులని చదవాలి? సైగల భాషలో కనుబొమలు, ముఖకవళికలు వ్యాకరణంలో భాగం. అది తెలియని కంటికి అవే ఉద్రేకంగా కనిపిస్తాయి, రోగనిర్ధారణ దారి తప్పుతుంది.

ఇంటివాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు, మధ్యలో సైగల భాష దుబాసీ దేనికి అంటారు కొందరు. ఇంటివాళ్ల ప్రేమను శంకించను. కానీ రోగి దిగులుకు మూలం ఇల్లే అయితే, తను తిన్న దెబ్బల గురించి ఆ పిల్ల అమ్మ చేతే చెప్పించగలదా? దుబాసీల కొరత నిజమే. అందుకు వాళ్లను తయారు చేసుకోవాలి తప్ప రోగి హక్కును కుదించకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షన్ రోగికి సమాచారం అందించే మార్గాల్లో సైగల భాషను పేరుపెట్టి మరీ చెప్పింది. రోగికి అర్థమయ్యేలా చెప్పకుండా, ఆమె చికిత్సకు ఒప్పుకుందని కేస్‌షీట్‌లో రాయడం అన్యాయం.