బండి తప్పితే తప్పనీ

ఏవిరా అబ్బాయ్, సంచీ అలా గుమ్మంలో విసిరేస్తే వెళ్లిపోయిన బండి వెనక్కొస్తుందా? ముందు కాళ్లు కడుక్కో, కాసిని మంచినీళ్లు తాగు. ఆ తర్వాత కోప్పడుదువుగాని, ఎవరి మీద కోప్పడాలో నిదానంగా చూసుకుందాం.

నిన్నొక్కణ్ణే అనడం లేదులే. ఆషాఢం దాటి వానలు ముదిరాయంటే మన ఊళ్లో ఎవరో ఒకరు ఇలా మొహం గంటు పెట్టుకుని తిరిగొస్తూనే ఉంటారు. భద్రాచలం దగ్గర గోదారి లేచిందంటే మర్నాటికో ఆ మర్నాటికో ఆ నీళ్లు మన ధవళేశ్వరం దిగుతాయి. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చిన్నప్పుడు ఎక్కాలతో పాటు ఈ అంకెలూ బట్టీపట్టి ఉండాల్సింది మీరు. నీళ్లు లేచాక సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఆగిపోతుంది. సరంగు తాడు రెండు చుట్లు బిగించి, ఇంజనాపి, గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడంటే ఇక ఆ పూటకి కలెక్టరుగారొచ్చినా కదలదు. అవతల నరసాపురం కళ్లకి కనబడుతూనే ఉంటుంది. మీ కుర్రకారుకి అదే ఒళ్లుమంట.

మరి ఇంటర్వ్యూకని బయల్దేరినవాడివి, నువ్వు చేసిందేవిటీ? సరంగుతో గొడవ. టిక్కెట్లు చింపేవాడితో గొడవ. ఫోనులో ఎవరితోనో ఇంకో గొడవ. అదయ్యాక విసురుగా ఇంటికి. ఆ దెబ్బలాట మానేసి దిండి వైపు ఆటో ఎక్కి ఉంటే చించినాడ వంతెన దాటి పాలకొల్లులో తేలేవాడివి. బండి అందేదో అందకపోయేదో నేను చెప్పలేను. ఒకవేళ అందకపోయినా, ఆ తర్వాత బండికి స్టేషన్లోనైనా ఉండేవాడివి కదా, ఇక్కడ గుమ్మంలో కాకుండా.

నీకు కోపం వచ్చినా సరే, ఒక మాట చెప్తాను. వరదలో పడవ కట్టు విప్పేసేవాడికీ, రేవులోంచి విసురుగా ఇంటికొచ్చేసేవాడికీ ఉన్నది ఒకటే జబ్బు. ఇద్దరికీ ఓపిక లేదు. ఒకడు ఇప్పుడే వెళ్లాలంటాడు, ఇంకోడు ఇక వెళ్లనే వెళ్లనంటాడు. ఆ మధ్యలో కాసేపు ఉండటం ఇద్దరికీ చేతకాదు. మొదటివాణ్ణి చూసి ధైర్యస్థుడు అంటాం, రెండోవాణ్ణి పిరికివాడంటాం. నన్నడిగితే ఇద్దరూ దొందూ దొందే.

కచ్చులూరు మర్చిపోయావా? 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదారి వరద మీద ఉంది. పాపికొండలు చూద్దామని 70 మందికి పైగా జనంతో వెళ్లిన బోటు దేవీపట్నం మండలంలో కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోయిందో. పాపం ఎక్కినవాళ్లది కాదు, వాళ్లకేం తెలుసు. అలాంటి రోజున బోటు కట్టు విప్పకూడదు, అంతే.

అదే కచ్చులూరులో ఇంకో సంగతి కూడా జరిగింది. ఆ బోటు ఎక్కడో 200 అడుగుల లోతున చిక్కుకుంది. దాన్ని పైకి తీస్తామని మన కాకినాడ నుంచి ధర్మాడి సత్యం మనుషుల్ని వేసుకుని వెళ్లాడు. ఇనప తాడు వేస్తే జారింది. మళ్లీ వేస్తే ఏదో ముక్క ఊడొచ్చింది. వరద పెరిగింది. పెరిగినప్పుడు ఏం చేశారు? ఆపేశారు. ఆపి, గోదారి తగ్గేదాకా ఆగి, మళ్లీ వెళ్లారు. అక్టోబరు 22న బోటు బయటికొచ్చింది. ఆగిన రోజుల్లో టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఎన్ని మాటలన్నారో నాకు గుర్తే. ఆ మాటలకి రోషపడి వరదలో దిగి ఉంటే ఇంకో నలుగురు పోయేవారు.

సరే, ఇప్పుడు భీమవరం పిల్లాడి సంగతి చెప్తాను. యల్లాప్రగడ సుబ్బారావు. పుస్తకంలో ఒక పేజీ చదివి పరీక్ష రాసి ఉంటావు గానీ, ఈ ముక్క అందులో ఉండదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఇంట్లో గడవడం కష్టం. పదమూడేళ్లప్పుడు ఆ పిల్లాడికి ఒక ఆలోచన వచ్చింది. కాశీ వెళ్లిపోయి, యాత్రికులకి అరటిపళ్లు అమ్మి బోలెడు డబ్బు తెచ్చేయాలని. చెప్పా పెట్టకుండా బయల్దేరాడు. ఎంతదాకా వెళ్లాడనుకున్నావ్? నిడదవోలు దాకా! తల్లి వెంకమ్మగారు వెంటపడి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. మన రావులపాలెం అరటిగెలలు చూస్తే నాకెప్పుడూ ఆ పిల్లాడే గుర్తొస్తాడు. వెళ్లి ఉంటే మహా అయితే నాలుగు రోజులు కాశీలో పళ్లమ్మేవాడు.

ఆ రోజు వాడికీ ఒళ్లు మండే ఉంటుంది. అమ్మ అడ్డం పడిందనే అనుకుని ఉంటాడు. తిరిగొచ్చి ఏం చేశాడు? చదువుకి కూర్చున్నాడు. అదైనా సాఫీగా సాగిందా, లేదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆయన్ని చదివించడానికి తల్లి నగలమ్మిందంటారు. మద్రాసులో మెడికల్ కాలేజీలో చేరితే, ఖద్దరు కట్టుకుని ఆపరేషన్ గదికి వెళ్లాడని సర్జరీ ప్రొఫెసరుకి కంటగింపయింది. ఆఖరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్కారు వైద్య ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో పోయారు. స్ప్రూ అనే రోగం, తిన్నది ఒంటికి పట్టనివ్వదు.

అమెరికా వెళ్లి చదవాలని అప్పటికే మనసులో ఉంది. హార్వర్డులో సీటుంది, డబ్బు లేదు. నీకు ఒక బండి తప్పినందుకే ప్రపంచం మునిగిపోయింది కదా, ఓడ కోసం ఆయన ఎన్నాళ్లు కాచుకున్నాడో ఆలోచించు. చివరికి సాయం ఎక్కణ్ణుంచి వచ్చిందీ? మన కాకినాడ నుంచి. మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత ఇస్తామంది, మావగారు ఇంకొంత పోగుచేశారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగాడు. దిగాక మాత్రం పూలదండలేసి పిలిచారా ఏమిటి? పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో పోర్టరు పని. రోగుల మంచాల దగ్గర మలమూత్రాల పాత్రలు తీసే పని.

ఆ తర్వాతదంతా నీకు తెలిసిందే. 1925లో ఫిస్కే అనే దొరతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన కింద పనిచేసినవాళ్లు 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేశారు. తన అన్నదమ్ముల్ని మింగిన ఆ స్ప్రూకి మందు అదే. బోదకాలు రాకుండా మన ఇళ్లకి వచ్చి ఆశా కార్యకర్త ఎదురుగా నిలబడి మింగించే మాత్ర ఉందే, నువ్వు మొహం అటు తిప్పి పారేసేది, ఆ మందూ ఆయన బృందానిదే. భీమవరంలో పుట్టినవాడు, ఏడు సముద్రాల అవతల కూర్చుని భీమవరం రోగానికి మందు చేశాడు.

ఇందులో నీకు కావలసింది ఆయన గొప్పతనం కాదు. గొప్పవాళ్ల కథలు చెప్పి పిల్లల్ని బెదరగొట్టడం నాకిష్టం లేదు. నిడదవోలు దగ్గర ప్రయాణం ఆగినవాడే బోస్టన్‌లో దిగాడు, అది చూడు. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లూ పరుగెత్తలేదు, వదిలెయ్యనూ లేదు. దారి మూసుకున్నప్పుడల్లా ఆ పూటకి ఏది చేతిలో ఉంటే అది చేశాడు. పాఠం చెప్పమంటే చెప్పాడు, పాత్రలు కడగమంటే కడిగాడు. అన్నం ఉడుకుతుంటే నిమిషానికోసారి మూత తీసి చూసే మీ తరానికి ఇది కష్టంగానే ఉంటుంది, కాదనను.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆయన మళ్లీ రాలేదు. ఇక్కడ భార్య శేషగిరి ఉంది, తల్లి ఉంది. ఈ ఏడాది, పై ఏడాది అంటూ గడిచిపోయింది. 1948 ఆగస్టులో అక్కడే నిద్దట్లో పోయాడు, యాభై మూడేళ్లకి. లోకానికి ఎంత మేలు చేశాడో, ఆ ఇంటికి అంత లోటు మిగిలింది. పట్టుదల గురించి చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు. నేను దాటెయ్యను. దూరం వెళ్లేవాడికి వెనకాల గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఉంటారు నాయనా. వాళ్లతో రోజూ ఒక మాట మాట్లాడితే నీ ప్రయాణం ఏమీ ఆగిపోదు. ఆ రోజుల్లో ఉత్తరం రావడానికి నెలలు పట్టేది, నీ జేబులో ఫోనుంది. పొద్దుట రేవు దగ్గర ఆగిపోయావని మీ అమ్మకి ఎందుకు చెప్పలేదు? మధ్యాహ్నం దాకా నువ్వు బండెక్కేశావనే అనుకుంటూ కూర్చుంది పిచ్చిది. ఎక్కడ ఆగిపోయావో చెప్పడం నామోషీ అనుకుంటారు మీరు. నామోషీ ఏముంది అందులో, నువ్వేమన్నా వరద తెచ్చావా?

మన కోనసీమవాళ్లకి బండి కోసం కాచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు అసలు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు పట్టాలేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1940లో పీక్కుపోయారు. మళ్లీ రైలు చూడటానికి 2004 దాకా ఆగాం. కోటిపల్లి నుంచి నరసాపురానికి లైను కావాలని మన ఎంపీ బాలయోగి ఎంతగానో తిరిగాడు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి దానికి. ఆ మహానుభావుడు 2002లో పోయాడు, రైలింకా రాలేదు. అడగడం మాత్రం ఎవరూ మానలేదు. ప్రతి ఎన్నికలకీ అడుగుతూనే ఉన్నారు, సిగ్గుపడకుండా.

నువ్వూ సిగ్గుపడకుండా అడుగు, ఎవర్ని అడగాలో చివర్లో చెప్తాను. ముందస్తుగా బయల్దేరడం అలవాటు చేసుకోమని ఇదివరకే చెప్పాను, ఇప్పుడు మళ్లీ చెప్తున్నాను. పొద్దున్న ఇంటర్వ్యూ అంటే ముందురోజుకే ఆ ఊళ్లో ఉండాలి, వానాకాలమైతే అంతకు ముందురోజే. చేతిలో ఓ రాత్రి బసకి సరిపడా డబ్బు విడిగా ఉండాలి, అది ముట్టుకోకూడదు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో ఉండాలి. ఎదురుగా ఉన్న కండక్టరునో సరంగునో తిడితే నీ నోరే పాడవుతుంది, పైగా రెండో దారి ఏదో వాళ్లకే తెలుస్తుంది. వాళ్లని తిట్టాక ఎవరు చెప్తారు నీకు? చిన్నవే ఇవన్నీ. చిన్నవని చెప్పి ఎవరూ చెయ్యరు.

ఇప్పుడు ఆ కంపెనీవాళ్లకి ఫోను చెయ్యి. మెసేజీ కాదు, ఫోను. "వరద వచ్చి పంటు ఆగిపోయిందండీ, రాలేకపోయాను, ఇంకో రోజు ఇస్తారా?" అని అడుగు. కథలు చెప్పకు, బండి ఆలస్యమైందని అబద్ధమాడకు. ఇస్తే రేపు తెల్లారకుండానే చించినాడ మీదుగా బయల్దేరు, ఆటోకి నేనే చెప్పి పెడతాను. కుదరదంటే సరేనని ఫోను పెట్టేసి, రెండో కంపెనీ ఉందన్నావుగా, వాళ్లకి దరఖాస్తు ఇవాళే పంపు. అన్నం తిన్నాక పంపు.