యాది కూడా సాధనే



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఎక్కడ కూర్చున్నా మన పెద్దలు ఒక మాట చెప్తరు: "హోటల్ల మాకు వేరే గ్లాసు పెట్టేటోళ్లు బిడ్డా." ఆ యాదిని ఏం చేయాలి? మరిచిపోవాలా, మోస్తూ తిరగాలా?

అష్టాంగ మార్గంలో ఏడోది సమ్మా సతి. పాళీలో 'సతి' అంటే మొదటి అర్థం స్మృతి, మన యాదే. ఎరుక అనే అర్థం అందులోంచే పెరిగింది.

యాది రాతి మీద శాసనం కాదు. తలచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ కట్టుకుంటది. ఇయ్యాల్టి కోపం, భయం అందులో కలుస్తయి. ఒంటరిగా కుమిలితే అది పుండవుతది. నలుగురిలో చెప్పి సరిచూసుకుంటే సాక్ష్యమవుతది. బుద్ధుని బోధ నిలిచిందీ అట్లనే. రాజగృహంలో ఆనందుడు తాను విన్నది చెప్పగా, సంఘం కలిసి వల్లించింది.

మన నేలకూ యాది ఉన్నది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద స్తూపం, విహారాలు శతాబ్దాలు మట్టి కిందనే ఉన్నయి. 2024లో అక్కడ ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికినయి. కనబడనిది లేనట్టు కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకొని బాబాసాహెబ్ మన మరుగునపడ్డ యాదిని పైకి తీశారు.

ఈ పున్నమికి ఒక పని చేయండి. పది నిమిషాలు ఊపిరిని గమనించి, అవ్వ పక్కన కూర్చోండి. "అవ్వా, చిన్నప్పుడు ఏ బాయి నీళ్లు తాగిన్రు?" అని అడగండి. తొందర పెట్టకండి. ఆమె మాటల్లోనే రాసి, ఆ ఈడు వాళ్లనే ఇంకొకరిని అడిగి చూడండి. వింటుంటే కోపం లేస్తే, 'కోపం లేచింది' అని గమనించండి.

అన్యాయాన్ని మరవొద్దు. పగకు బానిస కావొద్దు.

భవతు సబ్బ మంగళం.