బోర్డు మారితే మనిషి మారినట్టా?

"అన్నా, మా నాయన కొన్న సిస్టమ్ ఇది, పారేయొద్దు," అన్నాడు ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే కుర్రాడు. ర్యామ్ కాళ్ళు రబ్బరుతో రుద్దినా, వేరే ర్యామ్ వేసినా ఉలుకూ పలుకూ లేదు. ఎస్‌ఎంపీఎస్ మార్చి చూసినా అంతే. పోయింది మదర్‌బోర్డే. హిందూపురంలో అదే సాకెట్ ఉన్న సెకండ్‌హ్యాండ్ డీడీఆర్3 బోర్డు దొరికింది కాబట్టి పాత ప్రాసెసర్, ర్యామ్ పనికొచ్చాయి. మిగిలిన డబ్బుతో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, పాత డిస్కులోని డిజైన్లన్నీ అందులోకి ఎక్కించాం.

మరి ఇది వాళ్ళ నాయనదేనా? మిలిందుడనే రాజును నాగసేన భిక్షువు, రథమంటే ఇరుసా, చక్రమా అని అడిగి, రెండూ కాదనిపించాడు. విండోస్‌కు అంత సందేహం లేదు. బోర్డు మారగానే కొత్త యంత్రమని యాక్టివేషన్ మళ్ళీ అడిగింది. ఆత్మ ఉండే చోటు అంత ఖరాకండిగా ఏ శాస్త్రమూ చెప్పలేదు!

నేను పెనుకొండవాణ్ణి, నా మొగ్గు వేరు. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడాక రాజధాని హంపి నుంచి మా ఊరికొచ్చింది, తర్వాత చంద్రగిరికి పోయింది. అయినా అది విజయనగర రాజ్యమే. సాగుతున్న పనిలోనే ఉంది అసలుతనం అంటాను.

కానీ తీసేసిన బోర్డును రేపెవరైనా బాగుచేస్తే, విండోస్ దాన్నే పాత సిస్టమ్‌గా గుర్తుపట్టొచ్చు. అప్పుడిక నాగసేనుణ్ణే పిలవాలి.