అడుగున మిగిలిన అన్నం

అన్నం పారేస్తే పాపం. ఇందులో ఎవరికీ పేచీ లేదు. కాని ఆ పాపం చుట్టుకోకుండా మిగిలిన అన్నాన్ని ఎవరు తినాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అడగనక్కర లేదు, జవాబు అందరికీ తెలుసు. ఇల్లాలు తింటుంది.

మా రేగొండలోనే కాదు, ఎక్కడైనా ఈ వరస ఒకటే. పిల్లలు, ఆయన, పెద్దవాళ్ళు అయ్యాక ఆఖరున ఆమె కూర్చుంటుంది. అప్పటికి ఏ గిన్నెలో ఏముంటుందో ఎప్పుడైనా గమనించారా? కూర తుడిచినట్టు ఖాళీ. పప్పు గరిటెకు అంటుకున్నంత. అన్నం మాత్రం పుష్కలం! అన్నం చాలకపోతే పరువు తక్కువని ఒక గిద్దెడు బియ్యం ఎక్కువే పోస్తాం కదా. ఆ ఎక్కువంతా ఆఖరి కంచంలోకే వస్తుంది, ఇంత తొక్కు నంజుకుని కానిచ్చేస్తాం.

ఇన్నాళ్ళూ ఇది సద్గుణం కింద జమ అయింది. ఇప్పుడు రక్తపరీక్ష కాగితం ఆ పద్దు తిరగరాస్తోంది. పరగడుపున చక్కెర 100 లోపుంటే నిశ్చింత. 126, ఆపైన అయితే మధుమేహం. నడుమనున్నవాళ్ళు గడప మీద నిలబడ్డవాళ్ళు. దేశంలో అలాంటివాళ్ళు సుమారు 13 కోట్ల 60 లక్షల మంది అని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పింది. నేనూ 112తో ఆ గుంపులోనే ఉన్నాను. గడప మీద నిలబడకూడదని పెద్దలు ఊరికే అనలేదు మరి.

"అన్నం తగ్గించండమ్మా" అంటారు డాక్టర్లు. అన్నంలోని పిండిపదార్థమే అరిగి రక్తంలో చక్కెర అవుతుంది. చిన్న గిన్నెడు, అంటే 150 గ్రాముల అన్నంలో అది దాదాపు 40 గ్రాములు. అందులో సగం, "పారెయ్యడమెందుకులే" అని వడ్డించుకునే ఆ ఆఖరి గరిటెడు, నాలుగైదు చెంచాల చక్కెరకు సమానం. డబ్బా అడుగున మిగిలిన చక్కెర వృథా అవుతుందని ఎవరైనా నోట్లో పోసుకుంటారా? అన్నమైతే పోసుకుంటాం!

"మా కాలంల పండుగకే తెల్లబువ్వ బిడ్డా. కడుమ దినాలు గట్కనే. గసుంటి బువ్వ పారబోస్తరా?" అంటుంది మా అత్తమ్మ. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు. చెలకల్లో పండిన జొన్నలు, మక్కలు, తైదలే అప్పటి నిత్యభోజనం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక బీదవాళ్ళ పొయ్యి మీదికీ రోజూ అన్నం ఎక్కింది. అన్నం మీద ఆమెకున్న భక్తి ఆకలి నేర్పిన భక్తి. దాన్ని చాదస్తమని తీసిపారెయ్యడం అన్నం పారెయ్యడం కంటే పెద్ద పాపం. జొన్నలోనూ పిండిపదార్థం ఉంది, కాకపోతే పీచు ఎక్కువ. పైగా గట్క తిని ఆమె పొద్దంతా నాట్లేసింది, కలుపు తీసింది. తిన్నదంతా ఒళ్ళు ఖర్చు పెట్టేసింది. నా ఒంటికి అంత ఖర్చేదీ?

మరి అన్నానికీ మర్యాద దక్కాలి, ఒళ్ళూ నిలవాలి. ఎలా? నాకు తోచింది చెబుతాను. ఆ మర్యాదేదో బియ్యం కొలిచేటప్పుడే చెయ్యాలి. ఆ ఎక్కువ గిద్దెడు పొయ్యకపోతే సరి. కొడవటంచ జాతరకు చుట్టాలొస్తే ధారాళంగా పోద్దాం, రోజూ జాతర కాదుగా! అప్పటికీ మిగిలితే పొద్దున తాళింపు వేస్తే తినేవాళ్ళు తింటారు. లేదా కుడితిలో కలుపుతాం. బర్రె కడుపులో పడితే వృథా, నా కడుపులో పడితే సార్థకమూనా?

రెండో పని ఇంతకంటే కష్టం. వడ్డనకు ముందే నా వంతు కూర, పప్పు తీసి మూత పెట్టుకోవడం. ముందు అవి తిని, తర్వాత కాస్త అన్నం తింటే చక్కెర ఒక్కసారిగా ఎగదన్నదు. చెప్పడానికి సులువే, కాని మూత పెట్టే చెయ్యి దొంగ చెయ్యిలా జంకుతుంది. పిల్లాడు "ఇంకా కూరుందా అమ్మా?" అంటే "అయిపోయింది" అనాలా, "ఉంది, అది నాది" అనాలా? మొదటిది అబద్ధం. రెండోది మన నోటికి అలవాటు లేని నిజం. నేను రెండోదే ధర్మం అంటాను. తల్లికీ ఒక వంతుంటుందని తెలియకుండా పెరిగినవాడు రేపు పెళ్ళానికి వంతుందని ఎలా తెలుసుకుంటాడు?

ఇది స్వార్థం కాదా అంటారేమో. చెన్నైలో గడప మీదున్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మామూలు సలహాతో సరిపెట్టుకున్నవాళ్ళలో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండీ నడకా సరిదిద్దుకున్నవాళ్ళలో 39 మందికే. నూటికి 16 మంది తప్పించుకున్నారు. ఇంటి ఇల్లాలు ఆ పదహారులో ఉంటే లాభం ఆమె ఒక్కదానికేనా?

మనల్ని అన్నపూర్ణలని పొగుడుతుంటారు. మంచిదే. ఆ తల్లి ఒక చేత గిన్నె, ఒక చేత గరిటె పట్టుకుని వడ్డించే పటాలు ఎన్నో చూశాను. మిగిలింది వృథా పోతుందని తానే తింటున్న పటం మాత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు.